మదనపల్లె మారింది, కుప్పం మారలేదు

మన వృత్తిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన బటన్ ఏదంటే 'రీప్లేస్ ఆల్' అంటాన్నేను. నమ్మకం లేకపోతే చిత్తూరు జిల్లా చరిత్ర చూడండి.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లె అందులోకి వచ్చింది. నూట పదకొండేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్ 4న, అదే మదనపల్లెని కొత్తగా పుట్టిన అన్నమయ్య జిల్లాలో కలిపారు. దగ్గర్లోనే ఉన్న పుంగనూరు, మూడు రాష్ట్రాల అంచున ఉన్న కుప్పం మాత్రం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి.

ఆ రోజుకి ఎక్కడో ఒక పాత సి ప్రోగ్రామ్ నడుస్తోందనుకోండి. ఊరి పేరు, జిల్లా పేరు తీసుకునే ఫంక్షన్ ఒకటుంది, దాన్ని వందల చోట్ల పిలిచారు. సెడ్ తో చిత్తూరుని అన్నమయ్య చేసేశామా... కుప్పం జనం కూడా రాత్రికి రాత్రి జిల్లా మారిపోతారు! ఆనక కాగితాలు ఒకదానితో ఒకటి కలవక ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్ళే, మనం కాదు.

ఇలాంటి తలనొప్పి లినక్స్ కెర్నల్ వాళ్ళకి ఎప్పుడూ ఉండేదే. లైబ్రరీలో ఒక ఫంక్షన్ మారితే దాన్ని వాడే డ్రైవర్లన్నీ మారాలి. దీనికోసం యోన్ పడియోలో, జూలియా లావాల్, జిల్ ముల్లర్ మొదలైనవాళ్ళు కాక్సినెల్ అనే టూల్ తయారుచేసి, 2008లో యూరోసిస్ సదస్సులో దాని మీద పేపర్ ఇచ్చారు. ఫ్రెంచ్ లో ఆ మాటకి అర్థం అక్షింతల పురుగు. పైరు మీది పేనుబంకని తినేసే పురుగన్నమాట! మైనస్, ప్లస్ లైన్లతో మామూలు ప్యాచ్ లాగే రూల్ రాస్తాం. అది ఉత్త అక్షరాల్ని కాక సి కోడ్ నిర్మాణాన్ని చూసి వెతుకుతుంది. 2010లో కెర్నల్ సోర్స్ లోనే ఈ రూల్స్ కోసం ఒక డైరెక్టరీ పెట్టారు.

అయితే నిర్మాణం ఒక్కటే చాలదు. మదనపల్లె కాల్, కుప్పం కాల్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి కదా. అందుకే రూల్స్ మధ్యలో పైథాన్ స్క్రిప్టో, ఓకామెల్ స్క్రిప్టో పెట్టే వీలు కల్పించారు. మొదటి రూల్ ఊరి పేరుని పట్టిస్తుంది. స్క్రిప్టు దాన్ని జాబితాతో పోల్చి, లేకపోతే ఆ మ్యాచ్ ని అక్కడే వదిలేస్తుంది. మిగిలినవాటినే తర్వాతి రూల్ మారుస్తుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. 1990లో మదనపల్లెలో పుట్టిన మనిషి జనన రికార్డులో జిల్లా చిత్తూరే, అలాగే ఉండాలి. కానీ తేదీ ఉండేది డేటాలో, స్క్రిప్టు చూసేది కోడ్ ని. కాబట్టి ఆ షరతుని స్క్రిప్టులో పెట్టలేం. మనం రాసే ప్లస్ లైన్ లోనే ఒక 'ఇఫ్' గా పెట్టాలి.

ఏది మార్చాలో అందరం రాస్తాం. ఏది మార్చకూడదో మాత్రం ఎవరో ఒక సీనియర్ బుర్రలో ఉంటుంది, ఆయన కంపెనీ మారిన రోజు ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. ఆ మినహాయింపు రూల్ పక్కనే, నడిచే కోడ్ గా ఉంటే తర్వాత వచ్చినవాళ్ళు చదవగలరు, తప్పుంటే పట్టుకోగలరు. నా దృష్టిలో ఈ స్క్రిప్టుల అసలు ప్రయోజనం అదే. ఏమంటారు?