క్షమాభిక్షకు చెల్లించిన వెల

పోర్ట్‌ బ్లెయిర్‌కు ఆనుకుని ఉన్న గరాచర్మలో నేడు బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ వినిపిస్తాయి. దక్షిణ అండమాన్‌ తీరంలో ఒకప్పుడు వినిపించిన అకా-బియా భాష మాత్రం వినిపించదు. ఆ భాష మాట్లాడిన జాతి పతనగాథలో తొలి ఘట్టం పారిపోయిన ఒక ఖైదీతో ముడిపడి ఉంది.

1857 తిరుగుబాటును అణచివేసిన బ్రిటిష్‌ ప్రభుత్వం, 1858 మార్చిలో డాక్టర్‌ జె.పి. వాకర్‌ ఆధ్వర్యంలో 200 మంది ఖైదీలను అండమాన్‌కు తరలించింది. వారిచేత నరికించిన అడవి ఆదివాసుల వేటభూమి. ఏప్రిల్‌లో వచ్చిన దూధ్‌నాథ్‌ తివారీ అనే సిపాయి, కొద్ది రోజులకే మరికొందరితో కలిసి రాస్‌ దీవి నుంచి తెప్పలపై పారిపోయాడు. నడిచి వెళితే బర్మా చేరవచ్చన్నది వారి భ్రమ. అడవిలో ఆదివాసుల బాణాలకు సహచరులు బలయ్యారు. గాయపడిన తివారీని మాత్రం ఆదివాసులు చంపకుండా తమలో కలుపుకున్నారు. పడవల్లో తీరం వెంట తమతో తిప్పారు, పెళ్లి కూడా చేశారు. అతను వారితో ఏడాదికి పైగా గడిపాడు.

ఆదివాసులకు శత్రువెవరో స్పష్టంగా తెలుసు. 1859 ఏప్రిల్‌ నాటి దాడిలో కాళ్లకు సంకెళ్లున్న ఖైదీలను వారు గాయపరచలేదు, తమతో కలిసి నాట్యం చేయమన్నారు. మే నెలలో అబర్దీన్‌పై మరో దాడికి సిద్ధమవుతుండగా, గర్భిణిగా ఉన్న భార్యను విడిచి వచ్చిన తివారీ ఆ సమాచారాన్ని వాకర్‌కు చేరవేశాడు. విల్లంబులకు ఎదురుగా తుపాకులు సిద్ధమయ్యాయి. 1860లో తివారీకి క్షమాభిక్ష లభించింది.

ఆ తరువాత బందీలను పట్టడం ప్రభుత్వం వంతయింది. 1863లో పాదరీ హెన్రీ కార్బిన్‌ రాస్‌ దీవిలో ‘అండమాన్‌ హోమ్‌’ ప్రారంభించాడు. నాగరికత నేర్పే పేరుతో ఆదివాసులను అందులో కాపలా మధ్య ఉంచారు. సవాయి రోగం వ్యాపించింది, 1877లో తట్టు విరుచుకుపడింది. 1858లో వేలల్లో ఉన్నారని అంచనా వేసిన గ్రేట్‌ అండమానీయులు 1901 జనగణన నాటికి 625 మంది. 1961 నాటికి మిగిలింది 19 మందే.

అమెరికాలో ఆదివాసుల చెర నుంచి తిరిగొచ్చిన మేరీ రోలండ్‌సన్‌ 1682లో తన కథను అచ్చువేయించింది. ఆ తరహా కథలు అక్కడ ఒక సాహిత్య శాఖగా ఎదిగి, వలసవాదుల భయానికీ దురాక్రమణకూ సాక్ష్యాలుగా నిలిచాయి. అండమాన్‌లోనూ తివారీ వాంగ్మూలం ప్రభుత్వ దస్త్రాలకెక్కింది. హోమ్‌లో మరణించినవారి వాంగ్మూలాన్ని నమోదు చేసినవారు లేరు. చెరసాల కట్టినవాడే చరిత్రనూ రాస్తే, ఎవరు బందీ అన్న ప్రశ్నకు జవాబు ముందే ఖరారవుతుంది.

ఇది గతించిన కథ కాదు. జరావాల అడవిని చీల్చుకుని వెళ్లే అండమాన్‌ ట్రంక్‌ రోడ్డును ఆ అడవి మేర మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తరువాత కూడా వాహనాలు ఆగలేదు. అబర్దీన్‌లో నేలకొరిగిన ఆదివాసులకు పోర్ట్‌ బ్లెయిర్‌లో స్మారక స్తంభం ఉంది. చనిపోయినవారికి స్తంభం కట్టిన రాజ్యం, బతికున్నవారి అడవికి అడ్డుగోడగా నిలవగలదా అన్నదే అసలు పరీక్ష.