ఒకే లెక్క, ఒకే ఫలము

ఒక లెక్కను ఏ కంప్యూటరుపై వేసినను ఒకే ఫలము రావలెననుట నేడు సహజధర్మమువలె తోచును గాని, 1985కు పూర్వ మట్టి భరోసా ఎవ్వరికిని లేదు. మిక్కిలి పెద్ద సంఖ్యలను, మిక్కిలి చిన్న సంఖ్యలను బిందువును జరుపుకొనుచు ఒకే కొలతగల చోట నిమిడ్చెడి ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి, ఊరికొక కుంచము చెల్లిన కాలమునందువలె, కంపెనీకొక తీరున నడచినది. 1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రములు పదునాఱింటిని ఆధారముగా గొనగా, డిజిటల్ సంస్థవారి వాక్స్ రెంటిని గొనెను. సీమోర్ క్రే నిర్మించిన యంత్రములు వేగమునకై తీసివేతయందు కాపుదలగా నుండవలసిన అదనపుటంకెను విడిచినవి.

ఆ యొక్క అంకె లేకున్న నేమగునో చూతము. నాలుగంకెలే పట్టు యంత్రమున 1.000 నుండి 0.9999 తీసివేయునపుడు, స్థానములు కుదురుటకై రెండవ సంఖ్యను కుడికి జరుపగా చివరి తొమ్మిది అంచు దాటి రాలిపోవును, శేషము 0.001 అని వచ్చును. నిజమైన శేషము 0.0001. ఫలము పదిరెట్లైనది! అందువలననే, రెంటి యాధారమున లెక్కించు నట్టి యంత్రములపై, మర్మమెఱిగినవారు ఒకటిలోనుండి నేరుగ తీసివేయక, ముందు 0.5లోనుండి తీసివేసి, పిదప 0.5 కలుపుచుండిరి.

ఈ యరాచకమును మాన్పుటకు బర్క్లీలో గణితము బోధించిన విలియం కహాన్ పూనుకొనెను. ఇంటెల్ వారి 8087 చిప్పునకై తాను యోచించిన విధులనే ఆయన సర్వసామాన్య ప్రమాణముగా ప్రతిపాదించెను. అతిసూక్ష్మసంఖ్యను ఒక్కపెట్టున సున్న చేయక, అంకెల నొక్కొక్కటిగా విడుచుచు మెల్లగా దింపవలెనని ఆయన పట్టు. అట్లైనగాని, రెండు సంఖ్యలు వేఱైనపుడు వాని భేదము సున్న కాదను నమ్మకము నిలువదు. వేగము కుంటుపడునని డిజిటల్ వారు ప్రతిఘటించి, తమ పక్షమునకు బలము చేకూరునను తలంపుతో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పండితుడగు స్టూవర్టునకు పరిశీలన నప్పగించిరి. 1981లో బోస్టను సభయందు ఆయన, తన్ను నియమించినవారి యాశకు భిన్నముగా, అన్నియు తూచి చూడగా కహాన్ మార్గమే యుక్తమని విన్నవించెను. ఈ వాదమంతటిలో నాకు మిక్కిలి పూజ్యముగా తోచునది ఆ నిర్మొగమాటపు తీర్పే. 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణము వెలసెను.

అయినను కథ ముగియలేదు. 8087 వంశపు చిప్పులు రిజిస్టర్లలో 80 బిట్లు పట్టియుంచి, జ్ఞాపకమునకు పంపునపుడు 64కు కుదించుచుండుటచే, ఒకే ప్రోగ్రాములోని విలువ యెక్కడ నిలిచినదను దానినిబట్టి మాఱుచుండెడిది. అన్నిచోట్ల నొకే ఫలమని మాట యిచ్చిన జావా భాష, 1998లో ఘాతాంకముల విషయమున కొంత సడలి, కచ్చితము కావలసినవారికి స్ట్రిక్ట్‌ఎఫ్‌పి అను పదము నొసగెను. 2000లో పెంటియం 4తో వచ్చిన కొత్త ఆదేశములు నేరుగ 64 బిట్లలోనే లెక్కింప నేర్చినవి. తుదకు 2021లో, జావా 17వ కూర్పున, పూర్వపు మాట తిరిగి నిలుపబడినది. సైన్, కొసైన్ విలువల కడపటి అంకె మాత్రము, గణితలైబ్రరీ మాఱినచో నేటికిని మాఱవచ్చును.