స్త్రీల వ్యాధులలో రోబోటిక్ శస్త్రచికిత్స

రోబోటిక్ శస్త్రచికిత్స అనగా వైద్యుల చేతి కదలికలను యంత్రపు చేతుల ద్వారా రోగి శరీరంలోనికి చేర్చి చేసే ఆపరేషన్. స్త్రీల వ్యాధులలో దీనిని ముఖ్యంగా హిస్టరెక్టమీ అని పిలిచే గర్భసంచి తొలగింపునకు, ఫైబ్రాయిడ్ గడ్డలు, ఎండోమెట్రియోసిస్, గర్భసంచి జారుట, గర్భాశయ లోపొర క్యాన్సర్ చికిత్సలకు వాడుతున్నారు. పేరులో రోబో ఉన్నప్పటికీ ఆపరేషన్‌లో ప్రతి కదలికా వైద్యులదే.

పనిచేసే విధానం

పొట్టపై సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను ఉబ్బించి, కెమెరాను, పరికరాలను లోపలికి పంపుతారు. ఇవి యంత్రపు చేతులకు అమర్చబడి ఉంటాయి. వైద్యులు కొంత దూరంలో కన్సోల్ వద్ద కూర్చొని, పెద్దదిగా కనిపించే త్రిమితీయ దృశ్యాన్ని చూస్తూ వాటిని నడుపుతారు. మామూలు లాప్రోస్కోపీ పరికరాలు నిటారుగా ఉంటాయి. రోబో పరికరాల కొన మణికట్టు వలె వంగి తిరుగుతుంది. అందువలన ఇరుకైన కటి భాగంలో కుట్లు వేయడం సులభమవుతుంది. చేతి వణుకు పరికరానికి చేరకుండా యంత్రం వడపోస్తుంది.

చరిత్ర

1990ల చివర అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో జ్యూస్ అనే రోబో సహాయంతో అండవాహికలను తిరిగి అతికించారు. డావిన్సీ యంత్రానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో సాధారణ లాప్రోస్కోపీ ఆపరేషన్లకు, 2005లో స్త్రీల వ్యాధుల ఆపరేషన్లకు అనుమతినిచ్చింది. భారతదేశంలో తయారైన ఎస్.ఎస్.ఐ. మంత్ర యంత్రం తరువాత వాడుకలోకి వచ్చింది.

ప్రయోజనాలు, పరిమితులు

పొట్ట కోసి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే రక్తస్రావం, నొప్పి తక్కువ. రోగి త్వరగా ఇంటికి చేరుతుంది. అయితే ఈ లాభాలలో ఎక్కువ భాగం మామూలు లాప్రోస్కోపీతోనూ లభిస్తాయి. అమెరికాలో క్యాన్సర్ కాని వ్యాధులకు గర్భసంచి తొలగించుకున్న 2,64,758 మంది స్త్రీల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనంలో, ఈ రెండు పద్ధతులలో ఇబ్బందులు దాదాపు సమానంగా ఉన్నాయి. రోబో పద్ధతిలో ఖర్చు మాత్రం సుమారు 2,189 డాలర్లు ఎక్కువైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో, తొలిదశ రోగులలో లాప్రోస్కోపీ లేదా రోబో పద్ధతిలో ఆపరేషన్ జరిగినవారికి వ్యాధి తిరగబెట్టడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు ఆ పద్ధతులలో 93.8 శాతం, పొట్ట కోసి చేసిన పద్ధతిలో 99 శాతం.

తెలంగాణలో

హైదరాబాదులోని పలు కార్పొరేట్ ఆసుపత్రులలో ఈ సౌకర్యం ఉన్నది. ప్రభుత్వ రంగంలో నిమ్స్ ఆసుపత్రిలో 2023లో రోబోటిక్ విభాగం ప్రారంభమైంది. వేములవాడ నుండి హైదరాబాదు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున, అక్కడికి వెళ్లే రోగులు ఆపరేషన్ ఖర్చుతో పాటు పరీక్షలకు, తదుపరి సంప్రదింపులకు ప్రయాణాలను కూడా లెక్కలోనికి తీసుకోవలసి ఉంటుంది.

ఆపరేషన్ పద్ధతి కంటే ముందు తేలవలసినది దాని అవసరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసరపు తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అధిక రక్తస్రావానికి అనేక సందర్భాలలో మాత్రలు, హార్మోన్ లూప్ వంటి చికిత్సలు కలవు. చిన్న వయసులో అండాశయాలను కూడా తొలగిస్తే ఎముకల బలహీనత, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. యంత్రం ఎంత నేర్పుగా పనిచేసినా, అవసరం లేని ఆపరేషన్ అవసరమైనదిగా మారదు.