రాజుగారి పూల చిత్రకారుడూ, పేరులేని మన పూల చిత్రకారులూ

"మన అద్దకం బట్టలు చూసి ఓర్వలేక ఫ్రాన్స్ రాజు వాటిని నిషేధించాడు" అన్న మాట మన సంస్కృతి గొప్పదనం మీద వచ్చే వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. నిషేధం నిజమే. 1686 అక్టోబరు 26న పద్నాలుగో లూయీ ప్రభుత్వం ఆ ఆజ్ఞ జారీ చేసింది. 1759 దాకా అది అమల్లో ఉంది. కారణం మాత్రం ఓర్వలేనితనం కాదు, జమాఖర్చు. ఫ్రాన్స్ పట్టు, ఉన్ని ఉత్పత్తిదారుల వ్యాపారం దెబ్బ తింటోంది. అందుకే మన దేశం నుంచి వచ్చే బట్టలతో పాటు, ఫ్రాన్స్‌లోనే వాటిని చూసి అచ్చు వేస్తున్న బట్టలనూ నిషేధించారు.

నా పేచీ ఆ "మన" అన్న మాటతో. ఆ పూలు వేసిన మనవాళ్లెవరో ఒక్క పేరు చెప్పండి అంటే ఎవరూ చెప్పలేరు. అదే కాలంలో ఆ రాజు కొలువులో పూలు వేసినవాడి వివరాలు మాత్రం పద్దు పుస్తకంలో ఉన్నట్టు దొరుకుతాయి. ఈ తేడా ఎలా వచ్చింది?

ఆయన పేరు జాఁ బాతిస్త్ మొన్వాయే. 1636లో లీల్ పట్టణంలో పుట్టాడు. ఆంట్‌వెర్ప్‌లో బొమ్మలు వేయడం నేర్చాడు. 1665లో పారిస్‌లోని రాజ చిత్రకళా అకాడమీలో సభ్యుడయ్యాడు. రాజుగారి ముఖ్య చిత్రకారుడు లె బ్రూన్ పర్యవేక్షణలో రాజభవనాల అలంకరణకూ, గోబెలాఁ కర్మాగారంలో నేసే పెద్ద పెద్ద గోడ తెరల నమూనాలకూ పూలు వేశాడు. 1690 ప్రాంతంలో లండన్ వెళ్లి 1699లో అక్కడే చనిపోయాడు.

అంత పేరున్న మనిషికీ అకాడమీలో పెద్ద పీట లేదు. 1667 నాటి అకాడమీ ఉపన్యాసాలకు ముందుమాట రాసిన ఫెలిబియాఁ, చిత్రకారులకు మెట్లు కట్టాడు. చరిత్రనూ పురాణ కథలనూ చిత్రించేవాడు పై మెట్టు. పూలూ పళ్లూ వేసేవాడు కింది మెట్టు. అంటే వర్ణవ్యవస్థ మనకొక్కరికే సొంతం కాదన్నమాట! అయితే అక్కడ కింది మెట్టు మీద ఉన్నవాడికి కూడా పుస్తకంలో పేరుంది. మన దగ్గర అసలు పుస్తకమే లేదు.

ఇప్పుడు సూరత్‌కు వద్దాం. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో పుట్టింది. 1668లో సూరత్‌లో, మరుసటి ఏడాది మచిలీపట్నంలో కోఠీలు తెరిచింది. అహ్మదాబాదు, బుర్హాన్‌పూర్‌ల అద్దకం బట్టలు సూరత్ రేవు నుంచి ఓడ ఎక్కేవి. ఇంగ్లీషువాళ్లు అక్కడ అంతకు ముందే స్థిరపడ్డారు. 1643లో లండన్ నుంచి సూరత్ కోఠీకి ఒక ఉత్తరం వచ్చింది. మీరు పంపే దుప్పట్లు ఎక్కువగా ముదురు ఎరుపు నేల మీద ఉంటున్నాయి, అవి అందరికీ నచ్చడం లేదు, ఇకపై తెల్ల నేల ఎక్కువగా ఉంచి మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించండి అని దాని సారాంశం. ఈనాడు మ్యూజియంలలో "ప్రాచీన భారతీయ సంప్రదాయం" అనుకుని మనం మురిసిపోయే తెల్ల నేల పూలతీగ వెనక లండన్ దుకాణదారుడి గిరాకీ కూడా ఉందన్నమాట. స్వచ్ఛమైన సంప్రదాయం కోసం వెతికితే దొరికేది ఇలాంటి ఆర్డరు కాగితమే.

ఆ మాటకొస్తే మొన్వాయే పూలగుత్తి కూడా ప్రకృతికి నకలు కాదు. వేర్వేరు ఋతువుల్లో పూసే పూలను విడివిడిగా చూసి వేసుకుని, తర్వాత ఒకే కుండీలో చేర్చడం ఆంట్‌వెర్ప్ చిత్రకారుల అలవాటు. ఒక్కో పువ్వూ నిజం, గుత్తి కల్పితం. మన అద్దకం దుప్పటి మీద ఒకే కొమ్మకు పదిరకాల పూలు పూస్తాయి. రెండూ మనిషి ఊహలే. ఒకదాన్ని కళ అనీ, రెండోదాన్ని సరుకు అనీ అనడానికి ఆధారమేమిటి?

ఈ ప్రశ్నకు సాక్ష్యం చెప్పగలిగిన ఫ్రెంచివాడు ఒకడున్నాడు. ఫ్రాన్స్వా బెర్నియే వైద్యుడు, తత్వవేత్త గాసెందీ శిష్యుడు. సూరత్‌లో ఓడ దిగి మొగలుల కొలువులో ఏళ్ల తరబడి ఉన్నాడు. 1666లో ఢిల్లీలో సూర్యగ్రహణం నాడు జనం చేసిన తతంగమంతా చూసి రాసిన మనిషి. ఔరంగజేబు దర్బారు డేరాల లోపలి గోడలకు మచిలీపట్నం అద్దకం కట్టారనీ, ఆ పూలు ఎంత సహజంగా ఉన్నాయంటే నిజం పూలతోట మధ్య ఉన్నట్టుందనీ 1663 నాటి ఉత్తరంలో రాశాడు. అదే ఉత్తరంలో ఇక్కడి పనివాళ్ల గతి కూడా రాశాడు. పెద్దలు తమకు తోచినంతే ఇస్తారు, అడిగితే కొరడా. పువ్వుకు మెప్పు, వేసినవాడికి దెబ్బ.

మన పనివాళ్ల విద్య మంత్రం కాదు, రసాయనశాస్త్రం. కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలిపి బట్టను నానబెడతారు. ఆ పాలలోని కొవ్వు, గీసిన ద్రావకం పక్కకు పాకకుండా ఆపుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు, నలుపు కావలసిన చోట ఇనుము నానిన నీళ్లు కలంతో గీస్తారు. తర్వాత చిరివేరు రంగులో మరిగిస్తే పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది, ఉతికినా పోదు. నూలుబట్ట మీద ఈ పని ఐరోపాకు అప్పటికి చేతకాలేదు.

వాళ్లు దీన్ని ఎలా నేర్చుకున్నారు? చూసి, రాసుకుని. ఫ్రెంచి కంపెనీ ఉద్యోగి జార్జ్ రోక్ 1678లో అహ్మదాబాదు అద్దకం పనిని వివరంగా రాశాడు. 1730లలో బోల్యూ అనే నావికాధికారి పుదుచ్చేరిలో పని జరుగుతుండగా ఒక్కో దశలో ఒక్కో బట్టముక్క కత్తిరించి పారిస్‌కు తీసుకెళ్లాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన జెసూట్ పాదిరీ కూర్దూ, 1742 నాటి ఉత్తరంలో ఈ రహస్యమంతా బయటపెట్టాడు. ఆయనకు చెప్పినవాళ్లు కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లు. మతం మీది నమ్మకం అలా వ్యాపారానికి పనికొచ్చింది. ఆ ఉత్తరంలోనూ చెప్పినవాళ్ల పేర్లు లేవు.

నిషేధం పోయిన మరుసటి ఏడాది, 1760లో, ఒబెర్‌కాంఫ్ పారిస్ దగ్గర జూయీలో అచ్చు బట్టల కర్మాగారం పెట్టాడు. 1783లో థామస్ బెల్ రోలరు అచ్చు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చేత్తో గీసే పువ్వు దానితో పోటీ పడలేకపోయింది. మన చేతిపనులు పోయాయి అనగానే బొటనవేళ్లు నరికిన కథ చెబుతారు. 1772లో విలియం బోల్ట్స్ రాసింది అది కాదు. బెంగాల్లో పట్టుదారం తీసేవాళ్లు బలవంతపు చాకిరీ తప్పించుకోడానికి తమ వేళ్లు తామే కోసుకున్నారని రాశాడు. నిజం కథకంటే తక్కువ దారుణమేమీ కాదు. అయినా నిజాన్నే చెప్పాలి.

పనివాడు తన విద్యను దాచుకున్నాడని నిందించను. అది అతని అన్నం. కానీ చదువుకున్న వర్గాలు శతాబ్దాలపాటు వ్యాకరణాలూ వ్యాఖ్యానాలూ రాశాయి. పక్క వీధిలో కరక్కాయ నీళ్లకు గేదెపాలు ఎందుకు కలుపుతున్నారని అడిగి రాసినవాళ్లెవరు? చేతిపనిని అంటరానిదిగా చూసిన సమాజం అందులోని విజ్ఞానాన్ని కూడా అంటుకోలేదు. రక్షణశాఖ పద్దులు చూసిన నాకు ఒకటి తెలుసు. లెడ్జరులో దేనికి కాలమ్ ఉంటుందో అదే మిగులుతుంది. కంపెనీ లెక్కల్లో థానుల సంఖ్యకూ, ధరకూ కాలమ్ ఉంది. మనిషికి లేదు.

ఈనాడు సూరత్ అంటే పూల ప్రింటు పాలియెస్టరు చీర. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నాయి. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరికి, మనిషికి కాదు. వారసత్వం గురించి ఉపన్యాసాలిచ్చే మిత్రులు ఈసారి కలంకారీ కొన్నప్పుడు వేసినవారి పేరు అడిగి, బిల్లు మీద రాయించుకోండి. మూడు వందల ఏళ్ల క్రితం కొన్నవాళ్లు చేయని పని అదే.