దుండిగల్ కంచె లోపలా, బయటా

ప్రత్యేక సంచికలో ప్రతి సభ్యుడూ తాను పనిచేసిన కార్యాలయం గురించి నాలుగు ముక్కలు రాయాలని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేశారు. మన సభ్యులలో ఎక్కువమంది రెవెన్యూ, పంచాయతీ, విద్యాశాఖలలో చేసినవారు. వారి ఫైళ్లలో కరణాలు, శిస్తులు, తనిఖీలు ఉంటాయి. నా ఫైళ్లలో ఉన్నవి వేరు. వీరులపాడు నుంచి వెళ్లి 37 సంవత్సరాలు దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో సివిలియన్ గుమాస్తాగా పనిచేశాను. అది సైనిక స్థావరం కనుక లోపలి సంగతులు కొన్ని రాయకూడనివి ఉంటాయి. అవి రాయను. రాయదగినవే చాలా ఉన్నాయి.

ముందుగా కొంచెం వెనక్కి వెళ్లాలి. మాది నైజాం సరిహద్దు ప్రాంతం. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైనప్పుడు బెజవాడ వైపు నుంచి బయలుదేరిన సైన్యం హైదరాబాదు రోడ్డు పట్టుకుని కోదాడ మీదుగా సూర్యాపేట వైపు సాగింది. నందిగామ రోడ్డు మీద మిలిటరీ లారీలు పోవడం మా నాయన చూశాడు. నేను అప్పటికి పుట్టలేదు. చిన్నప్పుడు ఆయన ఆ కథ చెప్పినప్పుడల్లా లారీల సంఖ్య పెరుగుతూ పోయేది. మిలిటరీ అంటే మా ఇంట్లో తెలిసింది అంతే.

నిజానికి విమానాలకూ తెలుగు నేలకూ ఉన్న సంబంధం ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధం చివర 1918లోనే నిజాం నవాబు సొమ్ముతో బ్రిటిష్ వారికి ఒక స్క్వాడ్రన్ విమానాలు సమకూరాయి. రెండో యుద్ధంలోనూ హైదరాబాదు పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు పోరాడాయి. ఆ సొమ్ము ఏ రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన గన్నవరం విమానాశ్రయం కూడా ఆ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా ఉండి తరవాత పౌర విమానాశ్రయమైందే.

దుండిగల్ సంగతికి వస్తాను. 1962 చైనా యుద్ధం తరవాత వైమానిక దళాన్ని విస్తరించారు. అధికారుల శిక్షణ అప్పటికి దేశంలో పలుచోట్ల విడివిడిగా జరుగుతుండేది. అంతా ఒకచోట చేర్చాలని నిర్ణయించారు. సరిహద్దులకు దూరంగా, బల్లపరుపుగా ఉన్న దక్కను పీఠభూమి అందుకు అనువైనది. 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు శంకుస్థాపన చేశారు. 1971లో అకాడమీ పని ప్రారంభించింది. విస్తీర్ణం సుమారు 7,000 ఎకరాలు. మన వైపు పెద్ద ఊళ్లు రెండు మూడు కలిపినా అంత పొలం ఉండదేమో!

నేను చేరింది 1974లో. మా మేనమామ హైదరాబాదులో ఉండేవాడు. ఆయన ఇంట్లో ఉండి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకుంటే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. లోయర్ డివిజన్ క్లర్కు, మూడో వేతన సంఘం స్కేలు 260–400. జై ఆంధ్ర ఉద్యమం చల్లారి ఎంతో కాలం కాలేదు. కృష్ణా జిల్లా కుర్రవాడికి అక్కడ గది ఎవరిస్తారని మా అమ్మ బెంగపడింది. బాలానగర్ మీదుగా పోయే నర్సాపూర్ బస్సెక్కి దుండిగల్‌లో దిగి, చేతిలో ట్రంకు పెట్టెతో అడిగిన మూడో ఇంట్లోనే గది దొరికింది. ఇంటావిడ నన్ను ఏ జిల్లా అని అడగలేదు. "మాంసం తింటవా, తినవా?" అని మాత్రం అడిగింది.

ఆవిణ్ణి నేను "పిన్నిగారూ" అంటే నవ్వేది. "పెద్దమ్మ అను బిడ్డా, గారు గీరు వద్దు" అనేది. నెల తిరక్కుండా నా మాట కూడా మారిపోయింది. సెలవుకి ఊరొస్తే మా తమ్ముళ్లు నన్ను వెక్కిరించేవారు. పెద్దమ్మ కుటుంబం పొలంలో కొంత భాగం అకాడమీలోకి పోయింది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని కంచె వైపు చెయ్యి చూపి, ఆ కనబడే చింతచెట్టు దగ్గర మా బావి ఉండేది అని చెప్పేది. ఏడుస్తూ చెప్పేది కాదు, కోపంగానూ కాదు. పెళ్లయి వెళ్లిన కూతురి అత్తవారిల్లు చూపినట్టు చూపేది. ఆమె కొడుకు అదే కంచె లోపల కాంట్రాక్టరు కింద కూలి పనికి వెళ్లేవాడు.

ఊరికీ స్థావరానికీ రాకపోకలు ఇలాంటివే. పొద్దున్నే పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, మెస్సులలో వంటవాళ్లు, తోటమాలులు పాసులు చూపి లోపలికి వెళ్లేవారు. వానాకాలంలో గడ్డి కోతకి ఆడవాళ్లు వెళ్లేవారు. గడ్డి పెరిగితే పురుగు, పురుగుకి పక్షి వస్తాయి. పక్షి విమానానికి తగిలితే ప్రాణాలకే ముప్పు. అందుకని చుట్టుపక్కల ఊళ్లవారికి మాంసం వ్యర్థాలు ఆరుబయట పారేయవద్దని చెప్పేవారు. కొడవలి పట్టిన మనిషికీ కాక్‌పిట్‌లో కూర్చున్న కుర్రవాడికీ మధ్య ఇంత దగ్గర సంబంధం ఉంటుందని ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది.

నేను చేరేనాటికి మోత అంతా కిరణ్ జెట్లది. బెంగుళూరు హెచ్.ఏ.ఎల్. వారి తయారీ. శిక్షకుడూ శిష్యుడూ పక్కపక్కన కూర్చుంటారు. కొన్నాళ్లకి దీపక్ అనే ప్రొపెల్లర్ విమానాలు వచ్చాయి. తొలిసారి ఒంటరిగా ఎగిరి దిగిన క్యాడెట్ మొహం చూడాలి. కారిడార్లో కనబడ్డ గుమాస్తాకి కూడా సెల్యూట్ కొట్టబోయేవాడు!

ఇక నా పని. సర్వీసు బుక్కులు, లీవు ఖాతాలు, ఇంక్రిమెంట్లు, ఎల్.టి.సి. బిల్లులు, ఒక రెమింగ్టన్ టైపు మిషను. దానితో పాటు హిందీ పరీక్షలు. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు మెట్లు. ముప్పయ్యేళ్లు దాటాక మళ్లీ గుణింతాలా అని నేను సణిగినవాణ్ణే. ఆ హిందీ ఒక రోజు నాకు అక్కరకు వచ్చింది. అది చెప్పడానికే నిజానికి ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఒకసారి ఒక క్యాడెట్ విమాన ప్రమాదంలో పోయాడు. సంవత్సరం, పేరు రాయను. ఆయన వాళ్లు ఎక్కడో ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నం మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. మా ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం గదికి వస్తే పెద్దమ్మ అరుగు మీదే నిలబడి ఉంది. "మోత ఆగింది బిడ్డా, ఎవరి కొడుకో?" అంది. అధికారిక కబురు ఊళ్లోకి రాకముందే ఊరికి తెలిసిపోయేది.

సైన్యంలో మరణించిన వారి సామాను లెక్కకట్టి కుటుంబానికి అప్పగించడానికి కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అని ఒకటి వేస్తారు. జాబితా టైపు చేసే పని నాకు పడింది. చొక్కాలు ఇన్ని, బూట్లు ఇన్ని జతలు, చేతి గడియారం ఒకటి, హార్మోనికా ఒకటి, పోస్టు చెయ్యని ఇన్‌లాండ్ లెటరు ఒకటి. అయిదు కాపీలు, నాలుగు కార్బన్లు. ఆ ఉత్తరం దగ్గరికొచ్చాక నా వేళ్లు ఆగాయి. అది ఇంటికి రాసిన ఉత్తరం. మడిచి అంటించి ఉంది. జాబితాలో దాన్ని ఏమని రాయాలి? కమిటీ అధికారి, "ఉన్నది ఉన్నట్టు రాయండి, తెరవద్దు" అన్నారు. అలాగే రాశాను.

తండ్రి వచ్చారు. ఉత్తరాదిలో ఒక పల్లెటూరి బడిపంతులు. ఇంగ్లీషు జాబితా ఆయన ముందు పెడితే చదువుకోలేకపోయారు. కళ్లజోడు తేలేదో, చూపు ఆనలేదో. నేను ఒక్కొక్క వస్తువూ హిందీలో చదివి వినిపించాను. ప్రవీణ్ పరీక్షలో నాకొచ్చిన మార్కులు చెప్పుకోదగ్గవి కావు గాని, ఆ రోజు ఒక్క మాట తడబడలేదు. ఒక్కో పేరుకీ ఆయన తలూపారు. ఉత్తరం వచ్చినప్పుడు మాత్రం చెయ్యి చాపారు. తెరవకుండా జేబులో పెట్టుకున్నారు.

సంతకాలు పూర్తయ్యాక, జీపు ఎక్కబోతుండగా, గేటు దగ్గర నుంచి మనిషి వచ్చాడు. ఊళ్లో ధోబీ ఒక మూట పట్టుకొచ్చాడట. పోయిన వారం ఉతుక్కి వేసిన రెండు జతల యూనిఫారం, ఒక తెల్ల దుప్పటి. ఇస్త్రీ చేసి, పాత పేపరులో చుట్టి తెచ్చాడు. అవి జాబితాలో లేవు. జాబితా మూసేశాం. రూలు ప్రకారం ఇంకో రోజు పని. నేను లోపలికి పరుగెత్తి 'అనుబంధ జాబితా' అని శీర్షిక పెట్టి మూడు పంక్తులు టైపు చేసి తెచ్చాను. కమిటీ అధికారి నిలబడే సంతకం చేశారు. పంతులుగారు ధోబీకి ఎంతివ్వాలని నన్ను అడిగారు. అడిగి చెప్పాను. ధోబీ తల అడ్డంగా ఊపి, తెలుగులో, "ఏం లేదని చెప్పు సారూ" అన్నాడు. "కుఛ్ నహీ" అని నేను చెప్పాను. పాసు లేకపోవడంతో ధోబీ గేటు అవతలే ఉన్నాడు. పంతులుగారు కంచె దగ్గరకు నడిచి వెళ్లి, కడ్డీల సందులోంచి అతని చెయ్యి పట్టుకున్నారు.

తరవాత నా సర్వీసులో మంచి రోజులు చాలా చూశాను. ఏటా జూన్‌లోనూ డిసెంబరులోనూ పట్టభద్రుల కవాతు జరిగేది. తల్లిదండ్రులు వచ్చి కొడుకుల భుజాల మీద చారలు ఆవిష్కరించేవారు. 1994 డిసెంబరులో వైమానిక దళపు తొలి మహిళా పైలట్లు పట్టం పుచ్చుకున్నప్పుడు సివిలియన్ స్టాఫ్‌లోని ఆడవాళ్లు పండగ చేసుకున్నారు. ఆ అమ్మాయిల్లో హరితా కౌర్ డియోల్ రెండేళ్ల తరవాత, 1996 డిసెంబరులో, నెల్లూరు సమీపంలో ఆవ్రో విమానం కూలి మరణించింది. ఆ వార్త విన్న రోజు కూడా పెద్దమ్మ అరుగు మీద నిలబడే ఉంది. 2016 జూన్ 18న ముగ్గురు అమ్మాయిలు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా అక్కడి నుంచే బయటకు వచ్చారు. అది వీరులపాడులో టీవీలో చూశాను.

2009 జూలైలో ఇద్దరు శిక్షకులు మరణించిన ప్రమాదం తరవాత దీపక్ విమానాలు ఎగరడం ఆగిపోయింది. 2013 మే నెలలో స్విట్జర్లాండు నుంచి తెచ్చిన పిలాటస్‌లు దుండిగల్‌లో సర్వీసులో చేరాయి. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి శిక్షకుడూ, క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. ఆ రోజు పేపరు చదువుతూ ఏ గుమాస్తా జాబితా టైపు చేస్తున్నాడో అనుకున్నాను. ఇప్పుడు టైపు మిషన్లూ లేవు, కార్బన్లూ లేవు.

నేను 2011లో రిటైరయ్యాను. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే. ఏ.సి.పి. పుణ్యమా అని జీతం కొంత పెరిగింది గాని హోదా పెరగలేదు. మన సభ్యులకు పింఛను ట్రెజరీ నుంచి వస్తుంది, నా పి.పి.ఓ. అలహాబాదు నుంచి వచ్చింది. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లన్నీ 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి మారాయి. లైఫ్ సర్టిఫికెట్ కోసం మా మనవడి సెల్‌ఫోన్ మీద ఆధారపడ్డాను. సభ్యులలో మాజీ సైనికులు, డిఫెన్స్ సివిలియన్లు ఉంటే నన్ను కలవండి. ఏ బటను నొక్కాలో ఇప్పటికి నేర్చుకున్నాను.

2014లో పెద్దమ్మ మనవడి పెళ్లికి దుండిగల్ వెళ్లాను. నర్సాపూర్ రోడ్డు గుర్తుపట్టలేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి, ఒకప్పుడు జొన్న వేసిన చేలలో ఇళ్లు లేచాయి. కంచె మాత్రం అక్కడే ఉంది. చింతచెట్టు నాకు కనబడలేదు. పెద్దమ్మకి అప్పటికే ఎనభై అయిదు. చూపు మందగించింది గాని చెవులు బాగా ఉన్నాయి. పెళ్లి సందడిలోనే పైన ఒక పిలాటస్ పోయింది. ఆమె తల ఎత్తి కాసేపు విని, "ఇది కొత్తది సారూ. దీని మోత నాకింకా పట్టువడలే" అంది. ఆ విమానం దిగిపోయిందాకా మళ్లీ మాట్లాడలేదు.