లాగిన్ కంటే ముందే లాగవుట్

2011 జులై 28న జావా 7 విడుదలైంది. దానికి మారిన కొన్ని టీముల్లో ఒక వింత మొదలైంది. ఏళ్ల తరబడి పచ్చగా ఉన్న టెస్టులు ఎర్రబడ్డాయి. కోడ్‌లో ఎవరూ ఒక్క అక్షరం కదపలేదు. పోనీ, పడితే అందరి దగ్గరా పడాలి కదా, అదీ లేదు. ఒకరి మెషిన్‌లో పాస్, బిల్డ్ సర్వర్‌లో ఫెయిల్. మళ్లీ నడిపితే ఒక్కోసారి సర్వర్‌లోనూ పాస్.

"నా మెషిన్‌లో వస్తోందండీ" అన్న మాట ఈ పనిలో ఉన్నవాళ్లం అందరం ఎప్పుడో ఒకప్పుడు అన్నదే. విన్నవాళ్లు నమ్మరు. అన్నవాళ్లకు రెండోసారి అనడానికి మొహం చెల్లదు. అయినా ఆ మాట చాలాసార్లు అక్షరాలా నిజం. అది ఎలా నిజమవుతుందో తెలియాలంటే ఈ పాత చిక్కుముడిని మొదటి పోగు నుంచి విప్పుకుంటూ రావాలి.

చిన్న ఉదాహరణ ఒకటి పెట్టుకుందాం. ఒక టెస్టు క్లాసు, అందులో రెండే మెథడ్లు. పైన లాగిన్, కింద లాగవుట్. లాగిన్ టెస్టు పేరూ పాస్‌వర్డూ ఇచ్చి సెషన్ తెరుస్తుంది. లాగవుట్ టెస్టు ఆ సెషన్‌ను మూసి, మూసుకుందో లేదో చూస్తుంది. రాసినవాళ్ల మనసులో వరుస స్పష్టంగా ఉంది: ముందు లోపలికి, తర్వాత బయటికి. దీన్ని నడిపేది జేయూనిట్. కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి తయారుచేసిన ఈ పనిముట్టు జావా ప్రపంచంలో టెస్టులకు మారుపేరైంది.

మొదటి ఆనవాలు చాలా దగ్గర్లోనే దొరుకుతుంది. పడుతున్న లాగవుట్ టెస్టును ఒంటరిగా నడిపి చూడండి. ఏ మెషిన్‌లో నడిపినా, ఎన్నిసార్లు నడిపినా పడుతుంది. జావా 6లో కూడా పడుతుంది! అంటే దాని బలహీనత కొత్తది కాదు. లాగిన్ టెస్టు తెరిచి వదిలేసిన సెషన్ మీద అది మొదటి రోజు నుంచీ వాలి ఉంది. ముందువాడు తలుపు తీసి పెడితేనే వెనకవాడికి దారి. ఇన్నేళ్లూ ముందువాడు ముందే వస్తూ ఉన్నాడు కాబట్టి బయటపడలేదు.

రెండో ఆనవాలు కోసం, నడిచిన మెథడ్ల పేర్లను నడిచిన వరుసలోనే అచ్చేయాలి. పాస్ అయిన మెషిన్ జాబితానూ ఫెయిల్ అయిన మెషిన్ జాబితానూ పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కనబడుతుంది. టెస్టులు అవే, వరుస వేరు. జావా 6లో దాదాపు ఎప్పుడూ ఫైల్‌లో రాసిన వరుసే వచ్చేది. జావా 7లో ఆ నమ్మకం పోయింది.

మరి ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తున్నారు? జేయూనిట్ కాదు. ఒక క్లాసులో ఏయే మెథడ్లున్నాయని అది జావానే అడుగుతుంది. అప్పట్లో జావా ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో నడిపేసేది. జావా డాక్యుమెంటేషన్ తెరిస్తే మూడో ఆనవాలు అక్కడే ఉంది: వెనక్కి వచ్చే మెథడ్ల జాబితాకు ఏ ప్రత్యేక వరుసా ఉండదని స్పష్టంగా రాసిపెట్టారు. అది జావా 7 కోసం కొత్తగా చేర్చిన వాక్యమూ కాదు. హామీ ఎప్పుడూ లేదు, అలవాటే హామీలా కనబడింది.

ఇక్కడితో ఆపేసి "తప్పు టెస్టు రాసినవాళ్లదే" అనేయవచ్చు. చాలామంది అనేశారు కూడా. నాకు మాత్రం అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. హామీ లేనప్పుడు జావా 6 అన్నేళ్లు అంత బుద్ధిగా వరుస ఎందుకు పాటించింది? జావా 7 ఒక్కసారిగా ఎందుకు మానేసింది?

జవాబు హాట్‌స్పాట్ లోపల, మెమరీ చిరునామాల్లో ఉంది. జావా ప్రోగ్రాములను నడిపే ఈ యంత్రం ఒక్కో పేరును మెమరీలో ఒక్కసారే దాచుకుంటుంది. ఒక క్లాసులోని మెథడ్లను పట్టికలో పెట్టేటప్పుడు వాటిని అక్షరక్రమంలో పెట్టదు, రాసిన క్రమంలోనూ పెట్టదు. ఆ పేరు మెమరీలో ఎక్కడ ఉందో ఆ చిరునామా ప్రకారం చిన్న నుంచి పెద్దకు పేరుస్తుంది. ఎందుకంటే తర్వాత వెతికేటప్పుడు అక్షరం అక్షరం పోల్చక్కర్లేదు. చిరునామా ఒక అంకె. పట్టికను సగానికి సగం విరుచుకుంటూ పోతే నాలుగు అడుగుల్లో దొరికిపోతుంది. వేగం కోసం చేసిన మంచి ఏర్పాటు.

జావా 6లో ఈ పేర్లు పర్మ్‌జెన్ అనే విడి మెమరీ భాగంలో ఉండేవి. అక్కడ చోటు ఇచ్చే పద్ధతి కొత్త కాలనీలో ప్లాట్లు ఇచ్చినట్టు ఉండేది: వచ్చినవాళ్లకు వచ్చిన వరుసలో, ఒకరి పక్కన ఒకరికి. క్లాసు ఫైల్ చదువుతుంటే లాగిన్ అనే పేరు ముందు వస్తుంది, దానికో డోర్ నంబరు. లాగవుట్ తర్వాత వస్తుంది, దానికి ఆ తర్వాతి నంబరు. డోర్ నంబర్ల ప్రకారం పేర్చినా రాసిన వరుసే తిరిగి వచ్చేది. అదే పేరును అంతకుముందే ఇంకో క్లాసు వాడి ఉంటే దానికి పాత ఇల్లే ఉంటుంది కాబట్టి, అలాంటి చోట జావా 6లోనూ వరుస తప్పే వీలుంది. అది అరుదు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

పర్మ్‌జెన్‌ను క్రమంగా ఖాళీ చేయాలన్న ప్రయత్నం జావా 7లో మొదలైంది. 2014లో వచ్చిన జావా 8లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఆ ప్రయత్నంలో భాగంగా జావా 7లోనే పేర్లను అక్కడి నుంచి బయటి మెమరీకి తరలించారు. ఇక కాలనీ లేదు. ఊళ్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇల్లు. లాగవుట్‌కు లాగిన్ కంటే ముందు వీధిలో చోటు దొరకవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ వేరైతే ఖాళీలు వేరు. అంతకుముందు ఎక్కిన క్లాసులు వేరైతే ఖాళీలు వేరు. ఒకే మెషిన్‌లో పొద్దున నడిపినప్పుడూ సాయంత్రం నడిపినప్పుడూ కూడా ఖాళీలు వేరు. "నా మెషిన్‌లో వస్తోందండీ" అన్నవాళ్ల మాట నిజమేనని సాక్ష్యం చెప్పే ఆనవాలు ఇదే.

2012 నవంబరులో వచ్చిన జేయూనిట్ 4.11 దీనికి ఒక పరిష్కారం పెట్టింది. జావా ఇచ్చిన వరుసను నమ్మడం మానేసి, తానే ఒక వరుస కట్టడం మొదలుపెట్టింది. అది రాసిన వరుసా కాదు, అక్షరక్రమమూ కాదు. మెథడ్ పేరుకు హ్యాష్ సంఖ్య కట్టి, ఆ సంఖ్య ప్రకారం పేర్చింది. ఈ సంఖ్య కట్టే సూత్రం జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది కాబట్టి ఏ మెషిన్‌లో కట్టినా ఒకటే వస్తుంది.

లెక్క కష్టమేమీ కాదు. ప్రతి అక్షరానికీ ఒక కోడ్ సంఖ్య ఉంది. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో ఎల్‌కు 108, ఓకు 111. మొదటి అక్షరం కోడ్‌ను 31తో హెచ్చించి రెండోదాన్ని కలపాలి, వచ్చినదాన్ని మళ్లీ 31తో హెచ్చించి మూడోదాన్ని కలపాలి, అలా చివరిదాకా. లాగిన్ అనే అయిదు ఇంగ్లీషు అక్షరాల మాటను ఇలా కడితే 103149417 వస్తుంది. లాగవుట్‌కు ఆరు అక్షరాలు, కాబట్టి ఇంకొక్క హెచ్చవేత: 3197638026. ఈ సంఖ్యను దాచే గడిలో పట్టే అతి పెద్ద విలువ 2147483647. అది దాటితే పొంగి రుణ సంఖ్యల వైపు తిరుగుతుంది. లాగవుట్ విలువ మైనస్ 1097329270గా మిగులుతుంది.

చిన్న సంఖ్య ముందు. కనుక జేయూనిట్ 4.11లో లాగవుట్ ముందు నడుస్తుంది, లాగిన్ తర్వాత. హైదరాబాద్‌లో లాప్‌టాప్ మీదా అంతే, ఇంకే దేశంలోనో ఉన్న సర్వర్ మీదా అంతే. మన ఉదాహరణలోని టెస్టు ఇప్పుడు ప్రతిచోటా, ప్రతిసారీ పడుతుంది.

మొదటిసారి చూసినప్పుడు ఇదేం బాగుచేయడం అనిపించింది నాకు. రాసిన వరుసలోనో, కనీసం అక్షరక్రమంలోనో నడిపితే ఇన్ని టెస్టులు పడేవి కావు కదా! పోనుపోను అర్థమైంది. తయారుచేసినవాళ్లు కావాలనే ఊహకు అందని వరుస ఎంచుకున్నారు. ఊహకు అందే వరుస ఇస్తే దాని మీద వాలే టెస్టులు ఇంకా పుట్టుకొస్తాయి. అక్షరక్రమం కావాలన్నవాళ్లకు క్లాసు మీద ఒక గుర్తు పెట్టుకునే వీలు అప్పుడే ఇచ్చారు. దాంతో కొందరు మెథడ్ పేర్లలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు చొప్పించి పని నడుపుకున్నారు. అది తలుపుకు గొళ్లెం లేక కుర్చీ అడ్డం పెట్టడం లాంటిది. అర్ధరాత్రి బిల్డ్ పడితే వెతకాల్సిన మనిషికి కావలసింది వేరు: ఇప్పుడు పడింది మళ్లీ నడిపితే మళ్లీ పడాలి. అప్పుడే దాన్ని పట్టుకోగలం.

వరుస మారితే నష్టం ఎర్రదీపంతో పోతుందన్న భరోసా కూడా లేదు. 2019లో హవాయీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు ఒక అణువు నిర్మాణాన్ని గుర్తించడానికి వాడే ఎన్ఎంఆర్ విలువలు లెక్కగడుతుంటే ఒకే ఫైళ్లకు, ఒకే ప్రోగ్రాముకు వేర్వేరు జవాబులు వచ్చాయి. విండోస్ 10లో 173.2, ఉబుంటు 16లో 172.4, మ్యాక్ మొహావీలో 172.7. ఏదీ ఫెయిల్ కాలేదు, అన్నీ నమ్మదగ్గట్టే కనబడ్డాయి. 2014లో ప్రచురితమైన ఆ పైథాన్ స్క్రిప్టు ఫోల్డర్‌లోని ఫైళ్లు పేర్ల వరుసలో వస్తాయని అనుకుంది. పైథాన్ అలా మాటివ్వలేదు. ఫైల్ సిస్టమ్ ఎలా ఇస్తే అలా తీసుకుంటుంది. లినక్స్‌లో ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ ఫోల్డర్ లోపలి పేర్లను హ్యాష్ ప్రకారం పేరుస్తుంది, ఆ హ్యాష్‌కు డిస్క్ ఫార్మాట్ చేసినప్పుడు పుట్టిన విత్తు సంఖ్య కలుస్తుంది. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు లినక్స్ మెషిన్లు కూడా వేర్వేరు వరుసలు ఇవ్వగలవు. ఎల్ఎస్ కమాండు కొట్టి చూస్తే ఇది కనబడదు, అది చూపించే ముందు తానే వరుస కట్టి చూపిస్తుంది కాబట్టి. అక్కడ బాగుచేయడానికి పట్టింది చిన్న మార్పే: ఫైళ్లు చదివాక వాటిని పేర్ల ప్రకారం సర్దడం.

మన టెస్టు క్లాసుకు మాత్రం సర్దడం మందు కాదు. లాగవుట్ టెస్టు మొదట్లో రెండు లైన్లు చేర్చాలి: తన యూజర్‌ను తానే సృష్టించుకోవాలి, తన సెషన్ తానే తెరుచుకోవాలి. చివర తాను తెరిచింది తానే మూయాలి. ఆ పని అయ్యాక జేయూనిట్ 5లో ఉన్న యాదృచ్ఛిక వరుసను పెట్టి, రోజూ కొత్త వరుసలో నడపవచ్చు. ఏదో రోజు ఏదో వరుసలో ఒక టెస్టు పడితే, ఆ రోజు వరుసను పుట్టించిన విత్తు సంఖ్యను లాగ్‌లోంచి తీసి పక్క మెషిన్‌లో ఇస్తే అదే వరుస, అదే టెస్టు, అదే చోట మళ్లీ పడుతుంది. ఆ సంఖ్యను కాగితం మీద రాసి పక్క సీటువాళ్లకు ఇచ్చాను ఒకసారి. వాళ్ల స్క్రీన్ మీదా ఎర్రగా వచ్చింది. ఇద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం.