గాలివానకు ఎదురెళ్లినవాళ్లు

ఆకాశం నల్లబడితే ఎవరైనా ఇంటిదారి పడతారు. అమెరికా మైదానాల్లో కొందరు మాత్రం మబ్బు వైపు బండి తిప్పుతారు. జనం పిచ్చి అనుకున్న ఈ సరదాకు డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. ఇవాళ టోర్నడో రాకముందే సైరన్ మోగుతోందంటే, అందులో ఆ పిచ్చివాళ్ల వాటా తక్కువేమీ కాదు.

1973 మే 24 మధ్యాహ్నం. ఓక్లహామా రాష్ట్రంలోని యూనియన్ సిటీ. పేరులో సిటీ ఉందిగానీ జనాభా వందల్లోనే. ఊరి మీదికి ఉరుముల మబ్బు కమ్ముకొస్తుంటే, కార్లలో వచ్చిన ఓ చిన్న బృందం పొలాల పక్కన ఆగి కెమెరాలు బిగించింది. వాళ్లంతా నార్మన్ పట్టణంలోని జాతీయ తీవ్ర తుపానుల ప్రయోగశాల, ఓక్లహామా విశ్వవిద్యాలయం మనుషులు. మబ్బు అడుగుభాగం కిందికి జారడం, అందులోంచి సుడి దిగి నేలను తాకడం, ఊరిని చీల్చుకుంటూ పోవడం, చివరికి సన్నబడి మెలికలు తిరిగి మాయమవడం... ఒక టోర్నడో జీవితమంతా ఆ రోజు ఫిల్ము మీదికెక్కింది.

అదే సమయంలో నార్మన్‌లో ఒక డాప్లర్ రాడార్ ఆ మబ్బునే చూస్తోంది. మామూలు రాడార్ వాన ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది. డాప్లర్ రాడార్ మాత్రం ఆ చినుకులు తన వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నదీ చెబుతుంది. శాస్త్రవేత్తలు తర్వాత ఫిల్మునూ రాడార్ టేపునూ ముందు పెట్టుకుని సరిచూస్తే, మబ్బులో ఒకచోట ఎదురెదురు గాలులు ఒకదాన్నొకటి రాసుకుంటూ కనిపించాయి. టోర్నడో నేలను తాకడానికి 20 నిమిషాలకు పైగా ముందే ఆ గుర్తు రాడార్‌లో పడింది. తర్వాతి కాలంలో అమెరికా అంతటా సుమారు 160 డాప్లర్ రాడార్లు నిలబెట్టారంటే, దానికి దారి చూపినవాటిలో ఆనాటి టేపు ఒకటి. అయితే ఆ టేపులోని గుర్తుకు అర్థం చెప్పింది మాత్రం పొలం గట్టున నిలబడ్డవాళ్ల కెమెరా.

ఆ మాటే ఎత్తొద్దన్నారు

ఈ కథకు ఇంకా పాత మొదలు ఒకటుంది. 1880ల్లో అమెరికాలో వాతావరణం సంగతులు సైన్యంలోని సిగ్నల్ విభాగం చూసేది. అందులో పనిచేసిన జాన్ పార్క్ ఫిన్లీకి టోర్నడోల మీదే ధ్యాస. ఎక్కడ ఏ ఊరు ధ్వంసమైనా వివరాలు రాసుకునేవాడు. టోర్నడో కనిపిస్తే కబురు పంపడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లను దేశమంతటా కూడగట్టాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు వాళ్ల సంఖ్య 2 వేలు దాటింది.

1884లో ఫిన్లీ ప్రాంతాలవారీగా అంచనాలు వేయడం మొదలుపెట్టాడు. మొత్తం 2,803 అంచనాల్లో 96.6 శాతం నిజమయ్యాయని లెక్క తేల్చాడు. ఆ లెక్కకు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఒక్క మాటతో గాలి తీసేశాడు. ఏ అంచనాలూ వేయకుండా, ఈ రోజు టోర్నడో రాదు అని ప్రతిసారీ కళ్లు మూసుకుని చెప్పినా 98.2 శాతం నిజమయ్యేది! ఫిన్లీ వస్తుందని చెప్పిన 100 సార్లలో నిజంగా వచ్చింది 28 సార్లే. దీనికితోడు, టోర్నడో అన్న మాట వింటేనే జనం బెంబేలెత్తి ఒకరినొకరు తొక్కుకుంటారేమోనని అధికారుల భయం. అంచనాల్లో ఆ మాటే వాడొద్దన్నారు. దాదాపు అరవై ఏళ్లు ఆ మౌనం సాగింది.

దాన్ని బద్దలుకొట్టింది మళ్లీ సైన్యమే. 1948 మార్చి 20 రాత్రి ఓక్లహామా సిటీ పక్కనున్న టింకర్ వైమానిక స్థావరం మీద చెప్పాపెట్టకుండా టోర్నడో విరుచుకుపడి విమానాలను ముక్కలు చేసింది. దీన్ని ముందే పసిగట్టే దారుందేమో చూడమని పైఅధికారులు ఇద్దరు వాతావరణ అధికారులకు పని అప్పగించారు. ఎర్నెస్ట్ ఫాబుష్, రాబర్ట్ మిల్లర్ పాత పటాలన్నీ తిరగేశారు. ఐదో రోజు, అంటే మార్చి 25న, వాతావరణ పటం చూస్తే 20వ తేదీ పటానికి అచ్చుగుద్దినట్లుంది. మధ్యాహ్నం హెచ్చరిక ఇచ్చారు. విమానాలను జాగ్రత్త చేశారు. సాయంత్రానికి టోర్నడో సరిగ్గా ఆ స్థావరం మీదికే వచ్చింది. శాస్త్రానికి అదృష్టం తోడైన రోజది. నాలుగేళ్లు తిరక్కుండానే పౌర వాతావరణ కార్యాలయం కూడా టోర్నడో అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

సెలవు పెట్టి మబ్బు వెంట

అంచనా ఎంత మెరుగుపడినా అది చెప్పేది ఈ రోజు ఈ ప్రాంతంలో ప్రమాదం ఉందని మాత్రమే. ఏ ఊరికి, ఏ నిమిషంలో అన్నది తెలియాలంటే అక్కడ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ప్రభుత్వం పంపకుండానే వచ్చాడు.

నార్త్ డకోటాలోని బిస్మార్క్ పట్టణానికి చెందిన కుర్రాడు డేవిడ్ హోడ్లీ. 1956లో తన ఊరి మీదుగా పోయిన గాలివాన చూశాక అతనికి ఇక మనసు ఆగలేదు. వాతావరణ కార్యాలయానికి వెళ్లి పటాలు చూడటం, మబ్బు ఎక్కడ లేస్తుందో సొంతంగా లెక్కవేసుకోవడం, కారు తీసుకుని అటు పోవడం, ఫోటోలు తీయడం, బొమ్మలు గీయడం... ఇదే పని. తర్వాత తూర్పు తీరాన వర్జీనియాలో స్థిరపడి ఉద్యోగం చేసుకుంటున్నా, ఏటా వసంతంలో సెలవు పెట్టి మైదానాలకు వచ్చేవాడు. సాంకేతిక సంగతుల పక్కనే తన కార్టూన్లు వేస్తూ 1977లో ‘స్టార్మ్ ట్రాక్’ అనే చిన్న పత్రిక పెట్టాడు. అక్కడొకరూ ఇక్కడొకరుగా ఉన్న మబ్బు పిచ్చివాళ్లకు తమలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది ఆ పత్రికతోనే. హోడ్లీకి కాస్త ముందే రోజర్ జెన్సెన్ అనే మరో ఔత్సాహికుడు ఉత్తర మైదానాల్లో మబ్బుల వెంట తిరిగి ఫోటోలు తీశాడు. ఇలా మబ్బుల వెంటపడే వేటగాళ్లలో మొదటివాడు ఎవరన్న చర్చలో ఈ రెండు పేర్లే వినిపిస్తాయి.

శాస్త్రవేత్తల్లో ముందుగా రోడ్డెక్కింది నీల్ వార్డ్. 1961 మే 4న ఓక్లహామా హైవే పోలీసుల కారులో కూర్చుని, రేడియోలో సమాచారం అందుకుంటూ ఆయన టోర్నడో వెంట పడ్డాడు. తర్వాత ప్రయోగశాలలో యంత్రం కట్టి, చేత్తో కొలవగలిగే చిన్న టోర్నడోను పుట్టించాడు.

మామూలు మనుషుల కెమెరాలు శాస్త్రానికి ఎంత ఇవ్వగలవో చూపించినవాడు టెట్సుయా ఫుజిటా. 1945లో అణుబాంబు పడిన చోట్ల విధ్వంసం తీరును పరిశీలించిన ఈ జపాన్ శాస్త్రవేత్త, తర్వాత షికాగో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1957 జూన్ 20న నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణాన్ని టోర్నడో కొట్టినప్పుడు, వీధుల్లోంచీ పెరళ్లలోంచీ స్థానికులు తీసిన ఫోటోలను వందకు పైగా సేకరించాడు. ప్రతి ఫోటో ఎక్కడ నిలబడి, ఎప్పుడు తీసిందో తేల్చి, మబ్బు ఏ నిమిషంలో ఏ రూపంలో ఉందో కూర్చాడు. టోర్నడో దిగే ముందు మబ్బు కింద వేలాడే దళసరి దిమ్మెకు ‘వాల్ క్లౌడ్’ అని పేరు పెట్టిందీ ఆయనే. టోర్నడోల తీవ్రతను చెప్పే ఎఫ్ స్కేలు 1971లో ఆయన ఇచ్చినదే.

ఎలుగుబంటి బోను

మే నెలలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి ఉక్కపోత గాలి ఉత్తరానికి ఎగబాకుతుంది. పడమటి ఎత్తుల నుంచి పొడిగాలి దాని మీదికి జారుతుంది. నేల దగ్గర గాలి ఒక దిక్కున, పైన వేరే దిక్కున, ఇంకా వేగంగా వీస్తుంటే, పైకి లేచే మబ్బు మొత్తంగా తిరగడం మొదలుపెడుతుంది. అదే సూపర్‌సెల్. టెక్సస్, ఓక్లహామా, కాన్సాస్, నెబ్రాస్కాల్లో వేటగాళ్లు ఎదురుచూసేది దాని కోసమే.

పొద్దున్నే పటాలు చూసి ఒక ఊరు ఎంచుకుంటారు. మధ్యాహ్నానికి అక్కడికి చేరి పెట్రోలు బంకు దగ్గర కాచుక్కూర్చుంటారు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో రోడ్డు పక్క టెలిఫోన్ బూతులోంచి, పటాలు చూడగలిగే మిత్రుడికి ఫోన్ చేసి మబ్బు ఎటు పోతోందో అడిగేవారు. చాలా రోజులు మబ్బే లేవదు. వందల మైళ్లు నడిపి, ఎర్రటి ఎండ చూసి వెనక్కి రావడమే.

మబ్బు లేచిందంటే మాత్రం ఎక్కడ నిలబడాలన్నది ప్రాణాల మీది లెక్క. సూపర్‌సెల్ ఎక్కువగా ఈశాన్యానికి కదులుతుంది. వానా వడగళ్లూ ముందు భాగంలో ఉంటే, టోర్నడో దాదాపుగా నైరుతి మూలన దిగుతుంది. అందుకే మబ్బుకు ఆగ్నేయాన నిలబడి వాయవ్యం వైపు చూస్తారు. వాన అడ్డురాదు, దక్షిణానికి తప్పుకునే దారి ఉంటుంది. ఆ మైదానాల్లో పల్లె రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్లుగళ్లుగా ఉండటం కూడా కలిసొస్తుంది. అలాగని మట్టిరోడ్డు ఎక్కితే, ఒక్క జల్లుకే జిగురుబంక అయిపోయి కారు కాలువలోకి జారుతుంది. వాన తెరలు చుట్టూ తిరుగుతూ టోర్నడోను కమ్మేసే చోటును వేటగాళ్లు ‘ఎలుగుబంటి బోను’ అంటారు. అందులో దూరినవాడికి ఎలుగుబంటి ఎటున్నదీ కనిపించదు.

వేటగాడు వేరు, కాపరి వేరు

1965 ఏప్రిల్ 11న ఒకేరోజు మధ్య పశ్చిమ రాష్ట్రాల మీద పడ్డ టోర్నడోలు 260 మందికి పైగా పొట్టనపెట్టుకున్నాయి. హెచ్చరికలు జనానికి సరిగా చేరలేదని తేలింది. ఆ విషాదం తర్వాత జరిగిన మార్పుల్లోంచే 1970 ప్రాంతంలో స్వచ్ఛంద పరిశీలకుల (స్పాటర్ల) దండు ‘స్కైవార్న్’ పుట్టింది. వేటగాడు మబ్బు కోసం ఊరు దాటి పోతాడు. స్కైవార్న్ స్పాటర్ ఊరి కోసం మబ్బును కనిపెట్టుకుని ఉంటాడు. అగ్నిమాపక సిబ్బంది, హామ్ రేడియో వాళ్లు, రైతులు, బడిపంతుళ్లు ఇందులో ఉన్నారు. ఇప్పుడు వాళ్ల సంఖ్య మూడున్నర లక్షల పైమాటే.

శిక్షణ రెండు గంటలు, రుసుము లేదు. నేర్పేది చాలావరకు చూపు. నల్లగా వేలాడే ప్రతి తునకా టోర్నడో కాదు. అది తిరుగుతోందా? కొన్ని నిమిషాలపాటు అక్కడే నిలిచి ఉందా? కింద దుమ్ము లేస్తోందా? చూసింది చూసినట్టు, ఎక్కడ, ఎప్పుడు, ఏ దిక్కున అన్నవి చెప్పాలి. ఊహ చేర్చకూడదు.

ఇన్ని రాడార్లుండగా ఈ కళ్లెందుకు? రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి మాత్రం వంగి ఉంటుంది. 100 కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి అతి తక్కువ కోణంలో పంపే కిరణం కూడా నేలకు సుమారు కిలోమీటరున్నర పైన ఉంటుంది. మబ్బు నడుము తిరుగుతోందని రాడార్ చెప్పగలదు. పాదం నేలకు ఆనిందో లేదో చెప్పాల్సింది మనిషే. డల్లాస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పరీక్షకు మోగే సైరన్లు అక్కడి తెలుగు కుటుంబాలకు అలవాటే. పరీక్ష కాని రోజున అది మోగితే, దాని వెనక ఎక్కడో రోడ్డు పక్కన రేడియో పట్టుకున్న స్పాటర్ ఉండి ఉండవచ్చు.

టిక్కెట్టు కొని టోర్నడో

1996లో ‘ట్విస్టర్’ సినిమా వచ్చింది. అందులో టోర్నడో దారిలో పెట్టే డొరతీ అనే యంత్రం పూర్తిగా కల్పన కాదు. 1980ల్లో ఓక్లహామా విశ్వవిద్యాలయం ఆచార్యుడు హోవార్డ్ బ్లూస్టీన్ బృందం పికప్ బండిలో మోసుకు తిరిగిన ‘టోటో’ అనే పీపా దానికి మూలం. ఈ సినిమా తర్వాత జనం ఎగబడ్డారు. వ్యాన్లలో వారం, పది రోజులు తిప్పే టూర్ కంపెనీలకు గిరాకీ పెరిగింది. ఖర్చు వేల డాలర్లలో. టోర్నడో కనిపిస్తుందన్న హామీ ఏ కంపెనీ ఇవ్వదు. బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి కూడా సెలవులకు వచ్చి ఈ వ్యాన్లెక్కుతారు.

టిమ్ సమారస్ వీళ్లందరికంటే వేరు. కాలేజీ పట్టా లేదు. సొంతంగా నేర్చుకున్న ఇంజినీరు. నేలకు కరుచుకుపోయే శంఖాకారపు పరికరాన్ని తయారుచేసి, 2003 జూన్ 24న సౌత్ డకోటాలోని మాంచెస్టర్ అనే పల్లె దగ్గర టోర్నడో దారిలో పెట్టి తప్పుకున్నాడు. సుడి నేరుగా దాని మీద నుంచి పోయింది. గాలి ఒత్తిడి నిమిషంలోపే 100 మిల్లీబార్లు పడిపోయినట్టు పరికరం రాసిపెట్టింది. ఊరు నేలమట్టమైంది.

పదేళ్ల తర్వాత, 2013 మే 31న, ఓక్లహామాలోని ఎల్ రెనో దగ్గర టోర్నడో 4.2 కిలోమీటర్ల వెడల్పుకు ఉబ్బింది. ఆగ్నేయంగా పోతున్నది ఉన్నట్టుండి ఈశాన్యానికి మళ్లి వేగం అందుకుంది. వేటగాళ్ల కార్లు, ఇళ్లు వదిలి పారిపోతున్నవాళ్ల కార్లు అవే రోడ్ల మీద చిక్కుకున్నాయి. ఆ రోజు చనిపోయినవాళ్లలో సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఉన్నారు. అతి జాగ్రత్తపరుడని పేరున్న మనిషే పోవడంతో ఆ లోకం నివ్వెరపోయింది. వేటగాళ్లు తాము ఎక్కడున్నదీ చూపే ఆన్‌లైన్ పటంలో తమ గుర్తులతో ఆయన పేరులోని తొలి అక్షరాలు పేర్చి నివాళి ఇచ్చారు. కెమెరాలు పెరిగేకొద్దీ సమాచారం పెరుగుతుందన్నది ఫార్గో నేర్పిన పాఠం. ఒక హద్దు దాటాక పెరిగేది ట్రాఫిక్కేనన్నది ఎల్ రెనో నేర్పింది.

తాడ్వాయిలో ఎవరు చూశారు?

టోర్నడో అమెరికా సొత్తేమీ కాదు. చరిత్రలో ఎక్కువ ప్రాణాలు తీసినదిగా లెక్కకొచ్చిన టోర్నడో 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియాల మీద పడింది. సుమారు 1,300 మంది పోయారు. దాని వెంట తిరిగిన కార్లూ లేవు, ముందే కబురు చెప్పిన స్పాటర్లూ లేరు.

మన దగ్గరి మాటకొస్తే, 2024 ఆగస్టు 31న, విజయవాడ, ఖమ్మం వరదలో మునుగుతున్న వేళ, ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుమారు 50 వేల చెట్లు కూలిపోయాయి. టోర్నడోనా, మబ్బులోంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడిన గాలా అన్న చర్చ నడిచింది. ఇలాంటి చిక్కు ఫుజిటాకూ ఎదురైంది. 1974 ఏప్రిల్‌లో టోర్నడోలు ధ్వంసం చేసిన అడవులను విమానంలోంచి చూస్తే, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగి కాకుండా ఒక మధ్యబిందువు నుంచి అన్ని దిక్కులకూ పడి ఉన్నాయి. కిందికి దూకే గాలి ఒకటుందని ఆయన తేల్చాడు. విమానాలను కూల్చేదీ అదేనని తెలిశాక, విమానాశ్రయాల్లో దాన్ని పసిగట్టే ఏర్పాట్లు వచ్చాయి. పడ్డ చెట్లు సాక్ష్యం చెబుతాయి, అయితే పడ్డాక.

ముందే చూసే కళ్లు మనకు లేవని కాదు. తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’ పేరుతో రైతులకు వాన కబుర్లు చెబుతూ, 2021లో ప్రధాని ‘మన్ కీ బాత్’ ప్రసంగానికెక్కాడు. గొర్రెల కాపరి, తాటిచెట్టు మీది గీత కార్మికుడు, వలవేసే జాలరి, నాట్లు వేసే కూలీ పొద్దస్తమానం ఆకాశం కిందే ఉంటారు. మబ్బు తీరు ముందు తెలిసేదీ వాళ్లకే, పిడుగుకు ముందు బలయ్యేదీ వాళ్లే. ఫోను ఇప్పుడు వాళ్ల జేబులోనూ ఉంది. ఏం చూడాలో, చూసింది ఎవరికి చెప్పాలో నేర్పే రెండు గంటల పాఠం వాళ్లకు చేరితే చాలు. దానికి టోర్నడోలే రానక్కర్లేదు. పిడుగులకూ ఈదురుగాలులకూ మన దగ్గర కొరత లేదు.